ఉబుంటు 22లో కట్టిన వీల్
వీల్ అంటే ముందే కట్టిపెట్టిన పైథాన్ ప్యాకేజీ. సర్వర్‌లో అది ఇంపోర్ట్ దగ్గరే ఆగింది: 'గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు'. గ్లిబ్‌సీ అంటే లైనక్స్‌లో ఎక్కువ ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ. సర్వర్ ఉబుంటు 20.04, అందులో ఉన్నది 2.31. వీల్‌లోని సీ ఎక్స్‌టెన్షన్ కంపైల్ చేసిందేమో 22.04లో, అక్కడ 2.35. థ్రెడ్లు నడిపే పీథ్రెడ్ ఫంక్షన్లు 2.34లో గ్లిబ్‌సీ ప్రధాన ఫైలు లిబ్‌సీలో కలిసిపోయాయి, ఆ నంబరు బైనరీకి అంటుకుంది. పాతదాంట్లో కడితే కొత్తదాంట్లో నడుస్తుంది, తిరగేస్తే నడవదు.

2016లో పెప్ 513 (పెప్ అంటే పైథాన్ ప్రతిపాదన పత్రం) సెంటాస్ 5 అనే పాత లైనక్స్‌ని పట్టుకుని, దానికి సరిపోయే వీల్ ట్యాగ్‌ని మెనీలైనక్స్1 అంది. తర్వాత మెనీలైనక్స్2010, మెనీలైనక్స్2014... ప్రతి దానికీ కొత్త పెప్, మళ్లీ అదే చర్చ! పెప్ 600 గ్లిబ్‌సీ నంబరునే ట్యాగ్‌లో పెట్టేసి ఆ గొడవ తీర్చింది. ఇంకాస్త ముందే రావాల్సింది.

మెనీలైనక్స్_2_28 కంటెయినర్‌లో బిల్డ్ చేసి వీల్‌ని సరిచూసి ట్యాగ్ వేసే ఆడిట్‌వీల్ రిపేర్ కొడితే 20.04లో ఎక్కుతుంది, పిప్ (పైథాన్ ఇన్‌స్టాలర్) కొత్తదైతే. ఆల్పైన్ లైనక్స్‌లో ఎక్కదు. అక్కడ గ్లిబ్‌సీ బదులు ఉండేది మజిల్ అనే సీ లైబ్రరీ, దానికి మజిల్‌లైనక్స్ వీల్ వేరే కట్టాలి. లేకపోతే పిప్ సోర్స్ దించుకుని కంపైలర్ జీసీసీ ఎక్కడ అంటుంది.