180 పేజీలు, 90 రోజులు: నా అనుభవం

ఒక యంత్రం వాడకం, మరమ్మతుల గురించిన పుస్తకాన్ని ఇంగ్లిషు నుంచి తెలుగులోకి తెచ్చే పని ఒప్పుకున్నాను. 180 పేజీలు, 90 రోజుల గడువు. భాగహారం చేస్తే రోజుకు రెండు పేజీలు. ఓస్, ఇంతేనా అనిపించింది. రంగు పెన్నులతో మూడు నెలల పట్టిక గీసి గోడకు అంటించాను. దానికే ఒక పూట పట్టింది, అంత శ్రద్ధగా గీశాను మరి. ఆ రోజు అనువాదం సున్నా.

40వ రోజున లెక్క చూసుకుంటే పూర్తయినవి 31 పేజీలు. గోడ మీది పట్టిక ప్రకారం 80 కావాలి.

ఈ నలభై రోజులూ నేనేమీ ఖాళీగా తిరగలేదు. రోజూ పొద్దున తొమ్మిదికల్లా కుర్చీలో ఉండేవాణ్ని. కూర్చుంటానే గానీ కాలు నిలవదు. ఒక మెయిల్, ఒక వార్త, ఎప్పుడో ఆపేసిన ఒక వీడియో. తప్పంతా ఫోన్‌దే అనుకుని దాన్ని పక్కగదిలో పెట్టాను. ఫోన్ లేదు కదా అని మనసు ఊరుకుంటుందా? టేబుల్ సర్దించింది, కంప్యూటర్లో ఫోల్డర్ల పేర్లు మార్పించింది. పనులు రాసుకునే యాప్‌లు నాలుగు మార్చాను. ప్రతి కొత్త యాప్‌లోకీ పాత జాబితా ఎక్కించడం కూడా పని చేసినట్టే ఉంటుంది, అదే దాని మాయ.

పొమొడోరో పద్ధతీ పట్టుకున్నాను. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా సాగింది. మూడో రోజు గంట మోగేసరికి చూస్తే, చదివిన పేరానే మూడోసారి చదువుతున్నాను. పద్ధతిని తప్పుపట్టను, చాలామందికి పనికొస్తోంది. కాకపోతే టైమర్‌కు 25 నిమిషాలు ఎప్పుడు అయిందో తెలుస్తుంది, ఆ 25 నిమిషాల్లో నేను చేయాల్సింది ఏమిటో తెలియదు. నాకూ తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉందని అప్పటికి ఎక్కలేదు.

41వ రోజు నుంచి ఒక వారం పాటు చిట్టా రాశాను. కుర్చీలోంచి లేచినా, కంప్యూటర్లో వేరే కిటికీ తెరిచినా, టైము వేసి కారణం రెండు ముక్కల్లో రాయడం. అంతకుమించి ఏమీ మార్చుకోలేదు. వారం చివర తీరిగ్గా చదివితే 38 సార్లు పని వదిలాను. ఫోన్ మోగినందుకు వదిలింది 4 సార్లే. 23 సార్లు మాత్రం, తెలుగులో ఏమనాలో తోచని మాట దగ్గరో, ఇంగ్లిషు వాక్యమే అర్థం కాని చోటో లేచి వెళ్లాను. నాకు ఏకాగ్రత లేదని నలభై రోజులుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను. చూడబోతే, దారి తెలియని చోటల్లా పారిపోతున్నాను, అంతే.

ఆ రోజు నుంచి ‘5వ అధ్యాయం చేయాలి’ అని రాయడం మానేశాను. సాయంత్రం లేచే ముందు పది నిమిషాలు కూర్చుని మర్నాటి మొదటి పని చీటీ మీద రాసేవాణ్ని: ‘47వ పేజీ, పంపు బొమ్మలో 11 భాగాలకు పేర్లు పెట్టడం’. తోచని మాట తగిలితే పసుపు రంగు పూసి, సందేహాల పట్టికలో వేసి, ముందుకు వెళ్లిపోవడం. వారానికి రెండుసార్లు ఆ సందేహాలన్నీ మూటగట్టి, కంపెనీ తరఫున నాకు అప్పగించిన ఇంజనీరు గారికి పంపడం. సగంలో ఆగిన పని చెవిలో జోరీగలా ఎందుకు రొద పెడుతుందో తర్వాత చదివాను. దాన్ని ఎప్పుడు ఎలా పూర్తిచేస్తామో కచ్చితంగా రాసి పెట్టుకుంటే, పని ఇంకా పూర్తి కాకపోయినా ఆ రొద తగ్గుతుందని మాసికాంపో, బామీస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రయోగాలు చేసి చూపించారు. నా పసుపు రంగు చేసిన పని అదే కాబోలు.

చిట్టా వల్ల ఇంకో మేలు జరిగింది. మామూలు పేజీకి 40 నిమిషాలు, బొమ్మలున్న పేజీకి 2 గంటలు పడుతున్నాయి. ‘రోజుకు రెండు పేజీలు’ అన్నప్పుడు పేజీలన్నీ ఒకటే అనుకున్నాను. మిగిలింది 144 పేజీలు, అందులో 50 బొమ్మలవి. ఆఖర్న సరిచూడ్డానికి పెట్టుకున్న 30 గంటలూ కలిపితే దాదాపు 193 గంటలు. నేను నిజంగా అనువాదం మీద గడుపుతున్నది రోజుకు 2 గంటల 20 నిమిషాలు! మూడున్నర గంటలకు పెంచుకోగలననుకున్నా, ఆదివారాలు తీసేస్తే గడువులోపు 130 గంటలే తేలాయి. ఎలా లాగినా అందదు.

ఇలా తక్కువ అంచనా వేసుకోవడానికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని 1979లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ పేరు పెట్టారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులను అడిగితే సగటున 34 రోజుల్లో పూర్తిచేస్తామన్నారట. పట్టింది 55 రోజులు పైనే. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పడుతుందో కూడా అడిగారు, ఆ అంచనా కూడా 49 రోజుల లోపే. చదివి కాసేపు నవ్వుకున్నాను.

48వ రోజున పుస్తకం అప్పగించినవారికి ఫోన్ చేసి 20 రోజులు అదనంగా కావాలన్నాను. గొంతు తడారిపోయింది. లెక్క చెప్పాక అవతలివారు, “ఇప్పుడే చెప్పారు, నయమండీ. 89వ రోజున చెప్పుంటే నేనేం చేసేవాణ్ని?” అన్నారు.

తర్వాతంతా సాఫీగా సాగిందని చెప్పను. మధ్యలో జ్వరం నాలుగు రోజులు మింగేసింది, దానికి లెక్కలో చోటే పెట్టుకోలేదు. అయితే అప్పటికి భాగాల పేర్ల పట్టిక బాగా పెరగడంతో బొమ్మల పేజీ గంటంపావుకే అయిపోసాగింది. అలా గట్టెక్కాను. మూడున్నర గంటలు కూడా అన్ని రోజులూ కుదరలేదు. చీటీ రాయకుండా లేచిన సాయంత్రాల మర్నాడు మళ్లీ ఫోల్డర్ల పేర్లు మార్చిన సందర్భాలూ ఉన్నాయి. పుస్తకం 109వ రోజు రాత్రి పంపాను.

పోయిన నెల అక్కడి నుంచే ఇంకో పుస్తకం వచ్చింది, 96 పేజీలు. “ఎన్ని రోజుల్లో ఇస్తారండీ?” అని అడిగారు. ఒక మామూలు పేజీ, ఒక బొమ్మల పేజీ, ఒక పట్టికల పేజీ ఈరోజు చేసి చూసి, రేపు సాయంత్రం చెబుతానన్నాను.