తిరిగొచ్చిన అయిదొందల నోటు

పదకొండు దాటింది. పడుకుందామనే అనుకున్నాను, కానీ పొద్దుటి మాట బుర్రలోంచి పోవడం లేదు.

అత్తయ్య డబ్బు వేద్దామని బ్యాంకు డిపాజిట్ మిషన్ దగ్గరికి వెళ్ళాను. ఇరవై మూడు అయిదొందల నోట్లు. గరగరమని లెక్కపెట్టుకుని, ఇరవై రెండు తీసుకుని ఒకటి బయటికి నెట్టేసింది. తిప్పి పెట్టాను, మళ్ళీ వచ్చింది. మడత సాపు చేసి పెట్టాను, మళ్ళీ అదే. వెనకాల నిలబడ్డ ఒకాయన "దొంగ నోటేమో చూసుకోండి మేడమ్" అన్నాడు, అందరికీ వినపడేట్టు. నలుగురూ నా వైపు తిరిగారు. మిగతా డబ్బు పడిందని అత్తయ్య సంబరపడింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

అది దొంగ నోటు కాదు. వాల్చి చూస్తే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతోంది. వెలుతురుకి ఎత్తితే లోపల గాంధీగారు కనపడుతున్నారు. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు కాస్త అరిగినా వేలికి తగులుతున్నాయి. నాకు ఇన్ని తెలుస్తుంటే అంత మిషన్‌కి ఏమైందని సాయంత్రమంతా చదువుతూ కూర్చున్నాను.

నోటుని రోలర్ల మధ్య పరిగెత్తిస్తూనే కొలతలు చూస్తుందట. 150 మిల్లీమీటర్ల పొడవు, 66 వెడల్పు. తర్వాత దాని మీద రకరకాల కాంతులు వేసి, ఎంత వెనక్కి వస్తోంది, ఎంత అవతలికి దూరుతోంది అని చూసి, తన దగ్గరున్న నమూనాతో పోల్చుకుంటుంది. మన కంటికి ఒకేలా ఉండే రెండు సిరాల్లో ఒకటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో మాయమైపోతుందట! ఇక అతినీలలోహిత కాంతి. మామూలు తెల్లకాగితం దాని కింద నీలంగా వెలుగుతుంది. నోటు కాగితం పత్తితో చేసింది, తెల్లదనం మందు కలపరు, అందుకని మెరవదు. నోటులో మెరవాల్సిన చోట్లే మెరుస్తాయి. కానీ బట్టల సబ్బుపొడిలో ఆ మందు ఉంటుంది. ఉతికిన నోటుకి అది పట్టుకుంటే నోటంతా వెలుగుతుంది.

పోయిన వారం చిన్నాడి జీన్స్ జేబులోంచి తడి నోటు తీసి ఫ్రిజ్ మీద ఆరబెట్టింది నేనే. అత్తయ్య కట్టలో ఒకటి తక్కువైతే అది కలిపిందీ నేనే.

చదవడం అక్కడ ఆపేశాను. నాన్న కొట్టు గుర్తొచ్చింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న గల్లాపెట్టె పక్కన, దొంగ నోట్లు పట్టుకోడానికి, ఈ అతినీలలోహిత కాంతినిచ్చే ఊదా లైటున్న చిన్న పెట్టె కొని పెట్టారు. ఒక సాయంత్రం కూలిపనికెళ్ళే ఒకావిడ కందిపప్పు, చింతపండు, నూనె కట్టించుకుని, కొంగు ముడి విప్పి అయిదొందల నోటిచ్చింది. గుడ్డపేలికలా మెత్తగా ఉంది. లైటు కింద పెడితే నోటంతా నీలంగా మెరిసింది. "ఇది చెల్లదమ్మా" అన్నారు నాన్న. "చీరతో పాటే ఉతికేశాను బాబూ, మంచి నోటే" అందావిడ. నాన్న తల అడ్డంగా ఊపారు. నోటు మళ్ళీ కొంగున ముడేసుకుని, పొట్లాలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. పప్పు పొట్లం పురికొస కొస బల్ల మీంచి వేలాడుతూ ఉండిపోయింది. బ్యాంకులో ఆ నోటు తీసుకున్నారని మర్నాడు ఎదురు కొట్టాయన చెప్పాడు. ఆవిడ సరుకులు అక్కడే కొనుక్కుందట. మా కొట్టుకి మళ్ళీ రాలేదు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. లైటు వేస్తూ ఆర్పుతూ "మరి ఎందుకు మెరిసిందే?" అని నన్నడిగారు. నాకేం తెలుసు అప్పుడు?

ఇవాళ తెలిసింది. చెబుదామంటే నాన్న లేరు.

మిషన్‌ని నాలుగు తిడదామని కూర్చున్నాను గానీ, ఇప్పుడు దాని మీద అంత కోపం లేదు. నమూనాతో కుదరలేదు, తిరిగిచ్చేసింది. దొంగ అన్న మాట అన్నది మనిషి. అయినా తెర మీద ఒక్క ముక్క తెలుగులో రాయొచ్చు కదా, "ఈ నోటు చదవలేకపోయాం, కౌంటర్లో ఇవ్వండి" అని? అది రాసుంటే ఆయన నోరు లేచేది కాదు.

"పాలబ్బాయికి ఇచ్చెయ్, పోతుంది" అంటున్నారు ఈయన. ఇవ్వను. రేపు ఏ కొట్లోనో ఆ అబ్బాయిని ఇదే మాట అంటే? నిజంగా దొంగ నోటని తేలితే బ్యాంకువాళ్ళు ముద్ర కొట్టి ఉంచేసుకుని రసీదిస్తారు, అంతేగా. పది గంటలకల్లా కౌంటర్ దగ్గరుంటాను. ఉతికిన నోటండీ అని ముందే చెప్పి ఇస్తాను.