పెట్రస్ రిడ్జ్ ఎక్కడ పడిందో ముందు చూడండి

స్కల్ ఎక్స్‌రే మానిటర్ మీదికి రాగానే విద్యార్థుల చూపు ఫ్రాక్చర్ కోసం వెతుకుతుంది. ఆ పని రేడియాలజిస్టుది. పొజిషన్ సరిగ్గా కుదిరిందా లేదా అన్నది తేల్చాల్సింది ఎక్స్‌రే తీసే టెక్నీషియన్లం, మనం. దానికి పెట్రస్ రిడ్జ్‌ను మించిన ఆధారం లేదు. పుర్రె పక్కన ఉండే టెంపోరల్ ఎముకలో చెవి వెనకనుంచి లోపలికి, ముందుకు ఏటవాలుగా సాగే భాగం ఇది. పుర్రెలో ఇంత దట్టమైన ఎముక మరొకటి లేదు కాబట్టి ఏ వ్యూలోనైనా తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిన్నా (బయటికి కనిపించే చెవి డొప్ప) పైభాగం తలకు అతుక్కునే చోట వేలు పెట్టండి, దాదాపు అదే ఎత్తులో లోపల రిడ్జ్ ఉంటుంది.

పుర్రెలో కపాలానికి 8, ముఖానికి 14 ఎముకలు. ఈ లెక్క పరీక్షకు సరిపోతుంది. ఎక్స్‌రే గదిలో మాత్రం గీతలు తెలియాలి. కంటి బయటి మూలనుంచి చెవి రంధ్రానికి గీసేది ఓఎమ్ఎల్ (ఆర్బిటోమీటల్ లైన్). కంటి గుంత కింది అంచునుంచి చెవి రంధ్రానికి గీసేది ఐఓఎమ్ఎల్ (ఇన్‌ఫ్రా ఆర్బిటోమీటల్ లైన్). ఈ రెండింటి మధ్య తేడా సుమారు 7 డిగ్రీలు. కనుబొమల నడుమ ఉండే గ్లాబెల్లానుంచి చెవి రంధ్రానికి గీసే గీత ఓఎమ్ఎల్‌కు పైన, దాదాపు 8 డిగ్రీల ఎడంలో ఉంటుంది. ఏ గీతనుంచి కొలుస్తున్నారో చెప్పకుండా ట్యూబ్ యాంగిల్ (ఎక్స్‌రే ట్యూబ్‌ను వంచే కోణం) చెబితే ఆ అంకెకు అర్థం లేదు. కాల్డ్‌వెల్ అనే డాక్టరు తన పేరుతో పిలిచే వ్యూకు మొదట పెట్టిన యాంగిల్ 23 డిగ్రీలు, కానీ కొలిచింది గ్లాబెల్లా గీతనుంచి. ఇప్పుడు మనం ఓఎమ్ఎల్‌నుంచి 15 అంటున్నాం. రెండూ ఒకటే.

పీఏ వ్యూలో, అంటే కిరణం తల వెనకనుంచి ముందుకు వచ్చే వ్యూలో, నుదురు, ముక్కు బకీకి (డిటెక్టర్ ఉండే స్టాండుకు) ఆనించి, ఓఎమ్ఎల్‌ను డిటెక్టర్‌కు లంబంగా పెట్టి, ట్యూబ్ వంచకుండా ఎక్స్‌పోజ్ చేస్తే రెండు కంటి గుంతలూ పెట్రస్‌తో నిండిపోతాయి. ఫ్రాంటల్ (నుదుటి) ఎముక బాగా కనిపిస్తుంది, కంటి గుంతలు మాత్రం కనిపించవు. ట్యూబ్‌ను 15 డిగ్రీలు కాడల్‌గా (పాదాలవైపుకు) వంచి, సెంట్రల్ రే (కిరణాల నడిమి గీత) నేజియన్ (కళ్ల నడుమ ముక్కు మొదలయ్యే చోటు) దగ్గర బయటికి వచ్చేలా పెడితే అదే కాల్డ్‌వెల్. పెట్రస్ కంటి గుంతల కింది మూడో వంతులోకి దిగుతుంది. ఎందుకు దిగుతుందంటే, అది కంటి గుంతలకంటే డిటెక్టర్‌కు దూరంగా, వెనక ఉంది. పైనుంచి వాలుగా వచ్చే కిరణం దూరంగా ఉన్నదాన్ని ఎక్కువ కిందికి నెడుతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా వ్యూలు బట్టీ పట్టక్కర్లేదు. యాంగిల్‌ను 25–30 డిగ్రీలకు పెంచితే పెట్రస్ కంటి గుంతలు దాటి కిందికి పోతుంది, ఆర్బిట్ ఫ్లోర్ (కంటి గుంత అడుగు) బయటపడుతుంది.

కాల్డ్‌వెల్‌లో పెట్రస్ మరీ పైన పడిందంటే పేషెంటు గడ్డం అతిగా లోపలికి వంచారు, లేదా యాంగిల్ చాలలేదు. మరీ కిందికి పోయిందంటే గడ్డం పైకి లేచింది, లేదా యాంగిల్ ఎక్కువైంది. రిపీట్ చేసేముందు ఏది తప్పిందో ట్యూబ్ దగ్గరి అంకె చూసి తేల్చుకోండి, ఊరికే రెండూ మార్చొద్దు.

తల పక్కకు తిరిగిందా అన్నది ఇదే ఫిల్మ్‌లో తెలుస్తుంది. కంటి గుంత బయటి అంచునుంచి పుర్రె అంచుదాకా దూరం రెండు పక్కలా సమానంగా ఉండాలి. కుడివైపు దూరం ఎక్కువుంటే ముఖం ఎడమకు తిరిగినట్టు.

ఈఎన్‌టీ ఓపీనుంచి వచ్చే పీఎన్ఎస్ (ముక్కు చుట్టూ ఉండే సైనస్‌లనే గాలి గదుల) రిక్వెస్టుల్లో ఎక్కువగా అడిగేది వాటర్స్ వ్యూ. గడ్డం బకీకి ఆనించి, ఓఎమ్ఎల్ డిటెక్టర్‌తో 37 డిగ్రీల కోణం చేసేదాకా తల వెనక్కి వంచాలి. సెంట్రల్ రే ముక్కు అడుగుభాగం పైపెదవిని కలిసే చోట ఉండే అకాంథియన్ దగ్గర బయటికి రావాలి. ముక్కు బకీకి రెండు సెంటీమీటర్ల ఎడంలో ఉండాలని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. అందరి ముక్కులూ ఒకేలా ఉండవు కదా. దానికంటే గడ్డం కొననుంచి చెవి రంధ్రానికి వెళ్లే గీత డిటెక్టర్‌కు లంబంగా ఉందో లేదో పక్కనుంచి చూడడం నమ్మకమైన పద్ధతి. పెట్రస్ మాక్సిలరీ (బుగ్గల వెనక ఉండే) సైనస్‌ల ఫ్లోర్‌కు కొంచెం కింద పడితే సరిగ్గా వచ్చినట్టు. సైనస్ కింది భాగంలో పెట్రస్ తెల్లగా అడ్డుపడితే గడ్డం ఇంకా ఎత్తాలి. ఇది చిన్న తప్పేం కాదు. ఆ తెలుపు సైనస్‌లో ద్రవం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. గడ్డం మరీ ఎత్తేస్తే సైనస్‌లు పొట్టిగా నొక్కుకుపోతాయి. పేషెంటును కూర్చోబెట్టో నిలబెట్టో, ట్యూబ్ అడ్డంగా పెట్టే తీయాలి. పడుకోబెట్టి నిలువు కిరణంతో తీస్తే ద్రవం పరుచుకుంటుంది, ద్రవానికీ గాలికీ మధ్య పడే లెవెల్ గీత కనిపించదు.

టౌన్స్ వ్యూ ఏపీ, అంటే కిరణం ముఖంవైపునుంచి వెనక్కి వెళ్తుంది. ఓఎమ్ఎల్ లంబంగా ఉంటే 30 డిగ్రీలు కాడల్, ఐఓఎమ్ఎల్ లంబంగా ఉంటే 37. మెడ పొట్టిగా ఉన్నవాళ్లు, గూని ఉన్నవాళ్లు గడ్డం అంతగా వంచలేరు, వాళ్లకు రెండోది. గ్లాబెల్లాకు 6 సెంటీమీటర్లపైన సెంటర్ చేయండి. ఫొరామెన్ మాగ్నమ్ (పుర్రె అడుగున ఉండే పెద్ద రంధ్రం) లోపల డార్సమ్ సెల్లా (పిట్యూటరీ గ్రంథి గుంతకు వెనక ఉండే ఎముక గోడ) కనిపించాలి, పెట్రస్‌లు రెండు పక్కలా సమానంగా ఉండాలి. డార్సమ్ పైన ఉండిపోతే యాంగిల్ గానీ, గడ్డం వంపు గానీ చాలలేదు. ఫొరామెన్‌లోకి సీ1 (మెడ మొదటి వెన్నుపూస) వెనక ఆర్చ్ చొరబడితే ఎక్కువైంది. ఆడవాళ్లకు కొప్పు గానీ, మందపాటి జడ గానీ తల కింద పడితే తల ఎత్తుగా లేచి మొత్తం లెక్క తప్పుతుంది. జడ పక్కకు తీయించండి. పిన్నులు, దిద్దులు, ముక్కుపుడక, కట్టుడుపళ్లు కూడా తీయించాలి. ట్యూబ్ వంచేది గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే సీసపు పట్టీల పలక) గీతల వెంటే. అడ్డంగా వంచితే కటాఫ్ వస్తుంది, అంటే పనికొచ్చే కిరణాలనూ గ్రిడ్ ఆపేస్తుంది.

లేటరల్‌లో (పక్కనుంచి తీసే వ్యూలో) పెట్రస్ పెద్దగా సాయపడదు. కంటిపాపలను కలిపే గీత డిటెక్టర్‌కు లంబంగా, తల మధ్యతలం సమాంతరంగా పెట్టి, చెవి రంధ్రానికి 5 సెంటీమీటర్లపైన సెంటర్ చేస్తాం. దవడ రేమస్‌లు (వెనక ఉండే నిలువు భాగాలు) ముందువెనకలుగా విడిపోతే తల తిరిగింది. ఆర్బిట్ రూఫ్‌లు (కంటి గుంతల పైకప్పులు) పైకీ కిందికీ విడిపోతే తల వాలింది. గడ్డం కింద స్పాంజి పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

వీటన్నిటికీ గ్రిడ్, 100 సెంటీమీటర్ల దూరం, 70 నుంచి 80 కేవీ, చిన్న ఫోకస్, ఊపిరి బిగబట్టించడం మామూలే. కుదిరినంతవరకు ఏపీకంటే పీఏనే ఎంచుకోండి, కంటి లెన్స్‌కు డోస్ బాగా తగ్గుతుంది.

యాక్సిడెంట్ కేసు మెడకు కాలర్‌తో వస్తే పైన చెప్పిన వంపులేవీ వద్దు. సర్వైకల్ స్పైన్ (మెడ వెన్నెముక) క్లియర్ అయిందని డాక్టరు చెప్పేదాకా తలను ముట్టుకోకుండా ట్యూబ్‌నే మార్చండి. వెల్లకిలా ఉన్న పేషెంటుకు గడ్డం 10 డిగ్రీలు పైకి లేచి ఉందనుకోండి. అప్పుడు ఓఎమ్ఎల్‌కు సమాంతరంగా వెళ్లాలంటేనే ట్యూబ్ 10 డిగ్రీలు కాడల్‌లో ఉండాలి. రివర్స్ కాల్డ్‌వెల్‌కు (ఏపీలో తీసే కాల్డ్‌వెల్‌కు) అక్కడనుంచి 15 డిగ్రీలు సెఫలాడ్ (తలవైపుకు), అంటే ట్యూబ్ మీద 5 డిగ్రీలు సెఫలాడ్. టౌన్స్‌కు అదే 40 కాడల్ అవుతుంది. లేటరల్‌ను అడ్డం కిరణంతో తీయండి. అందులో స్ఫీనాయిడ్ సైనస్‌లో (ముక్కు వెనక, పుర్రె అడుగున ఉండే సైనస్‌లో) ద్రవం లెవెల్ గీత కనిపిస్తే, ఫ్రాక్చర్ గీత ఎక్కడా దొరక్కపోయినా పుర్రె అడుగుభాగం విరిగి ఉండొచ్చు. ఫిల్మ్ వెళ్లేదాకా ఆగకుండా వెంటనే క్యాజువాలిటీ డాక్టరుకు చెప్పండి.