వేళ్లకు అంటిన కాస్కేడ్

సబ్బుతో రెండుసార్లు కడిగినా వాసన పోవట్లేదు. ఇంట్లో చేస్తున్న బీరులో వేద్దామని కాస్కేడ్ రకం హాప్ పువ్వు (బీరుకి చేదూ, సువాసనా ఇచ్చేది ఇదే) ఒకటి అరచేతిలో నలిపానంతే. రేకుల మధ్య ఉన్న పసుపు పొడి జిగురులా వేళ్లకు పట్టేసింది. ముందు గ్రేప్‌ఫ్రూట్ తొక్క గిల్లినట్టు, కాసేపటికి పూల వాసన, అడుగున కొంచెం ఘాటు.

పోయినసారి ఈ వాసనంతా ఆవిరి చేసేశాను లెండి. బీరు కోసం కాచే ధాన్యపు రసం మరగడం మొదలవగానే ఉన్న హాప్స్ అంతా కుమ్మరించి గంటసేపు ఉడికించా. చేదు బాగా దిగింది. సువాసన వంటగదంతా తిరిగి కిటికీలోంచి వెళ్లిపోయింది.

ఈసారి ముందు కొంచెమే వేశా. చివరి ఐదు నిమిషాల్లో ఇంకాస్త. సగానికి పైగా మాత్రం పులియడం దాదాపు అయిపోయాక, ఇవాళ వేశా. అసలు దీంట్లో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు సుమారు 4.5 నుంచి 7 శాతమే. ఒట్టి చేదు కోసం దీన్ని వాడటం దండగ అనిపిస్తుంది నాకు.

1972లో అమెరికాలో విడుదలైన రకం ఇది. తర్వాత మామిడి, ప్యాషన్‌ఫ్రూట్ అంటూ ఎన్ని కొత్త హాప్స్ వచ్చినా, పేల్ ఏల్ అనే లేత రంగు బీరు అనగానే నా చెయ్యి దీని మీదకే పోతుంది.

ఇంకో నాలుగు రోజులు ఆగాలి. ఈలోగా కీబోర్డు కూడా గ్రేప్‌ఫ్రూట్ వాసనే.