ఓడ గంట నుంచి వెనక్కి లెక్క: రోమ్‌లో మా మూడు రాత్రులు

ఇంట్లో ఏ పెళ్లి తలపెట్టినా మా మామగారు ముందు అడిగే మాట ఒకటే. "ముహూర్తం ఎన్ని గంటలకు?" అది తెలిస్తే చాలు, మేళం, వంటమాస్టరు, చిత్తూరు నుంచి రావాల్సిన బస్సు, అన్నీ ఆ గంట నుంచి వెనక్కి లెక్కగట్టి కాగితం మీద రాసిపెట్టేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. పోయిన దసరాకు మేం ఐదుగురం ఇటలీ వెళ్లి ఓడ ఎక్కామన్నా, ఎక్కేముందు రోమ్‌లో మూడు రాత్రులు నెమ్మదిగా ఉండగలిగామన్నా ఆ కాగితం లెక్కే కారణం. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఇట్లాంటి ప్రయాణం చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మాది తిరుపతి, కొర్లగుంట. నేను స్కూల్లో సోషల్ చెప్తాను. మా ఆయన, పదమూడేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల మా అత్త. అత్తకు రెండు మోకాళ్లూ అరిగాయి, చేతికర్ర లేనిదే వీధి దాటలేదు. ఓడ ప్రయాణం అనుకున్నదే ఆమె కోసం. రోజుకో ఊరు తిరిగినా పెట్టె సర్దే పని లేదు, మంచం మారదు.

మొదటి అడ్డు ఇంట్లోనే వచ్చింది. "గరుడసేవ చూడకుండా నేను యాడికీ రాను" అనేసింది అత్త. ఆ మాటకు తిరుగులేదు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ అయిదో రోజు వస్తుంది కాబట్టి, అది ముగిశాక బయల్దేరే తేదీలకు ఓడ వెతికాం. పిల్లలకు సెలవులకు తోడు కొన్ని రోజులు లీవు పెట్టాల్సి వచ్చింది. నాకేమీ బాధ అనిపించలేదు.

ఏడు రాత్రుల ఓడ, సోమవారం బయల్దేరేది దొరికింది. సిసిలీలో మెస్సినా, మాల్టాలో వలెట్టా, తర్వాత బార్సిలోనా, మార్సెయ్, జెనోవా చుట్టి మళ్లీ ఎక్కిన చోటికే. ఎక్కే చోటు రోమ్ అని పెద్దక్షరాల్లో ఉంది, కింద చిన్నక్షరాల్లో చివితావెక్కియా అని ఉంది. మ్యాపు తెరిచి చూస్తే ఆ రేవు రోమ్‌కు డెబ్బై కిలోమీటర్ల పైమాటే. తిరుపతి అని చెప్పి చిత్తూరులో దిగమన్నట్టు. ఈ ఒక్క సంగతి ముందే తెలియకపోతే మిగతా లెక్కంతా తప్పుతుంది.

"సోమవారం పొద్దున రోమ్‌లో దిగి నేరుగా రేవుకు పోతే సరిపోదా? మూడు రాత్రుల ఖర్చు ఎందుకు?" అన్నాడు మా ఆయన. నేను మామగారిలాగే కాగితం తీశాను. ఓడ సాయంత్రం కదులుతుంది, ఎక్కడం గంటా గంటన్నర ముందే ఆపేస్తారు. మేం ఎక్కాల్సిన విమానం చెన్నైలో, దారిలో ఇంకో చోట మారాలి. ఒక్క విమానం ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు, తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనమే పోవాలి. పెట్టె రాకపోతే అత్త మందులు? ఆ కాగితం చూశాక ఆయనే "శుక్రవారానికల్లా దిగుదాం" అన్నాడు.

వీసా సంగతి. మా దారిలోని దేశాలన్నీ షెంగెన్ కిందివే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోవే, ఎక్కువ రోజులు ఇటలీలో గడుస్తాయి కాబట్టి ఇటలీ వీసాకే దరఖాస్తు పెట్టాం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు అంటారు గానీ దాన్ని నమ్ముకోకండి. పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, వీసా కేంద్రం వాళ్ల రుసుము అదనం. వేలిముద్రలకు చెన్నై పోయాం. పన్నెండేళ్లు నిండని పిల్లలకు వేలిముద్రలు అక్కర్లేదు. ప్రయాణ బీమాలో వైద్యానికి కనీసం 30,000 యూరోలు ఉండాలి. మీ ఓడ టర్కీలాంటి దేశానికి పోయి మళ్లీ యూరప్‌లోకి వచ్చేదైతే ఒకసారి ప్రవేశించే వీసా చాలదు, ఎక్కువసార్లు ప్రవేశించేది అడగాలి. ఓడ ఆగే ఊళ్ల జాబితా పక్కన పెట్టుకునే ఫారం నింపండి.

మమ్మల్ని నిజంగా కుదిపేసింది మాత్రం వేరే విషయం, అత్త పేరు. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఉన్న పేరంతా రెండో గడిలోనే ఉంది. మన వైపు పాతకాలం పాస్‌పోర్టుల్లో ఇది మామూలే. మేం టికెట్లు చేయించిన ఏజెంటు విమానం టికెట్‌లో ఒకరకంగా, ఓడ టికెట్‌లో మా ఇంటిపేరు తగిలించి ఇంకోరకంగా రాశాడు. డబ్బు కట్టిన నెల తర్వాత ఒక రాత్రి భోజనాల బల్ల మీద మూడు కాగితాలూ వరసగా పరిచి, పాస్‌పోర్టు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతుంటే బయటపడింది. బాబు ఇంగ్లీషు అక్షరాలు పైకి చదువుతున్నాడు, నేను ఓడ కాగితంలో టిక్కు పెడుతున్నాను, ఇంటిపేరు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. అత్త మా ముఖాలు చూసి, "నా వల్ల ఆగిపోతాదా ఏమి?" అంది. ఆ మాటకు నాకు గొంతు పట్టేసింది.

ఏజెంటు "ఏం పర్లేదు మేడం, చూసుకుంటారు" అన్నాడు. ఎవరు చూసుకుంటారు? రేవులో నిలబడేది మేము కదా. మా ఆయన పాస్‌పోర్టు పేజీ జతచేసి ఓడ కంపెనీకి నేరుగా రాశాడు. ఫోన్లూ ఈమెయిళ్లూ అన్నీ కలిపి పది రోజులు పట్టింది, పేరు సరిదిద్దారు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు వీలైతే ప్రయాణం అనుకున్న రోజే పాస్‌పోర్టు తిరగరాయించుకోండి. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. వీలుకాకపోతే అన్ని టికెట్లలో పేరు ఒకేలా ఉందని మీ కళ్లతో చూసుకోండి.

ఆ జాగ్రత్త రోమ్‌లోని పాతకాలపు పోటీల మైదానం కొలోసియం దగ్గర కూడా పనికొచ్చింది. అక్కడి టికెట్ల మీద ఇప్పుడు పేర్లు ఉంటాయి, లోపలికి పోయేటప్పుడు పాస్‌పోర్టుతో సరిచూస్తారు. టికెట్లు 30 రోజుల ముందు ఆన్‌లైన్‌లో వదులుతారు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు పొద్దున్నే లాగిన్ అయి కూర్చున్న అనుభవం తిరుపతి వాళ్లకు చెప్పాలా? అదే ఓపికతో, రోమ్ గడియారం ప్రకారం కూర్చున్నాం. పెద్దలకు 18 యూరోలు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచితం, కానీ వాళ్లకూ టికెట్ తీసుకోవాల్సిందే.

బసకు హోటల్ గదులు రెండు బదులు వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంటు తీసుకున్నాం. ఇల్లావిడను నేను ముందు అడిగింది అద్దె గురించి కాదు, లిఫ్టు గురించి. రోమ్ పాతూరు, మూడో అంతస్తుకు కూడా మెట్లే ఉన్న ఇళ్లు చాలా. లిఫ్టు ఉందని ఫోటో తెప్పించుకున్నాకే డబ్బు కట్టాను. ఊరి పన్ను తలకు, రాత్రికి ఇంత అని విడిగా కట్టాలి, పదేళ్ల లోపు పిల్లలకు లేదు. అత్త నెయ్యి సీసా సర్దింది గానీ పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకుపోనివ్వరని తీయించేశా. పప్పులపొడి, చింతకాయ తొక్కు, కందిపప్పు, చిన్న రైస్ కుక్కర్ వెంట వచ్చాయి.

శుక్రవారం మధ్యాహ్నం దిగాం. ముందే మాట్లాడుకున్న వ్యాను మమ్మల్ని, పెట్టెల్ని ఒకేసారి ఇంటికి చేర్చింది. ఆ సాయంత్రానికి ఏ కార్యక్రమమూ పెట్టుకోలేదు. అన్నం వండుకుని తిని, ఎనిమిదింటికే పడుకున్నాం. రోమ్ ఆ నెలలో మనకంటే మూడున్నర గంటలు వెనక. దాంతో తెల్లవారుజామున మూడింటికల్లా అందరం లేచి కూర్చున్నాం. మొదట పిల్లలను విసుక్కున్నా, తర్వాత తెలిసింది, ఆ మెలకువే మాకు పెద్ద సాయమని.

శనివారం పొద్దున కొలోసియం. వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెడితే, ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి, అత్త కర్ర చూపించి అడిగితే సిబ్బంది లిఫ్టు దగ్గరకు తీసుకుపోయారు. అడగనిదే ఎవరూ చెప్పరు, మొహమాటపడకుండా అడగండి. పైనుంచి చూస్తూ బాబు, "అమ్మా, మన దగ్గర ఇంత పాతది ఏదీ లేదు కదా?" అన్నాడు. "గుడిమల్లం ఉంది కదరా" అన్నాను. మా ఊరి నుంచి గంట దూరంలో పరశురామేశ్వరుడి గుడిలో ఉన్న ఆ లింగం క్రీస్తుకు ముందుదని పండితులు చాలామంది అంటారు, ఈ రాతి గోడల కంటే పెద్దది వయసులో. వాడు కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "తిరిగి పోయినాక చూపిస్తావా?" అన్నాడు. ఏటా నా క్లాసు పిల్లలను తీసుకుపోయేదాన్ని, కన్నకొడుకును తీసుకుపోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడి నుంచి నడక కష్టమైంది. రోమ్ పాత వీధులు చాలావరకు పిడికిలంత నల్లరాళ్లు పరిచినవి, రాయికీ రాయికీ మధ్య సందు. అత్త కర్ర చివరి రబ్బరు ఆ సందుల్లో ఇరుక్కునేది. పది అడుగులకోసారి ఆగుతూ ఒక మూల మలుపు దగ్గర ఇనుప కొళాయి చూశాం. రోజంతా నీళ్లు ధారగా పడుతూనే ఉంటాయి, అట్లాంటివి ఆ ఊళ్లో రెండు వేలకు పైగా ఉన్నాయి, తాగే నీళ్లే. ఒక ముసలాయన ముందుకొచ్చి ధార కింది నుంచి వేలితో కొళాయి మూతి మూశాడు. వెంటనే పైన ఉన్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు వంపు తిరిగి పైకి లేచాయి. అత్త వంగకుండానే నోరు పెట్టి తాగింది. పైటకొంగుతో మూతి తుడుచుకుని, ఆయనకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. ఆయనా అట్లే పెట్టాడు.

ఆ మధ్యాహ్నం చూడాలనుకున్నవి రెండు కొట్టేశాను. వాటికన్నా సోమవారానికి అత్త కాళ్లు బాగుండటం ముఖ్యం.

ఆదివారం మళ్లీ మూడింటికే మెలకువ. సెయింట్ పీటర్స్ చర్చి ఏడింటికి తెరుస్తారు, ప్రవేశం ఉచితం, తనిఖీ వరస మాత్రం పొద్దెక్కేకొద్దీ చాంతాడంత అవుతుంది. మేం ఏడింటికల్లా అక్కడున్నాం, పదిహేను నిమిషాల్లో లోపలికి పోయాం. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నియమం ఉంది. కొండకు పోయేటప్పుడు ఎట్లా పోతామో అట్లాగే చీరలు, ప్యాంట్లతో పోయాం కాబట్టి మాకు ఇబ్బంది లేదు. కుడివైపు మొదటి మందిరంలో అద్దం వెనకాల మైఖెలాంజెలో చెక్కిన పియెటా ఉంది, చనిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న మేరీ తల్లి. ఇరవై నాలుగేళ్లకే చెక్కాడట. అత్త చాలాసేపు కదల్లేదు. "కొడుకా?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు, నా చెయ్యి పట్టుకుంది.

వాటికన్ మ్యూజియం ఆదివారాలు మూసి ఉంటుంది, నెలలో ఆఖరి ఆదివారం తప్ప. మాకు అది లేదు, ఇంటికొచ్చి నిద్రపోయాం.

రేవుకు పోవడానికి రైలు చవక. కానీ రోమ్ పెద్ద స్టేషన్‌లో ఆ రైళ్లు ఆగేది చివరి ప్లాట్‌ఫాంల మీద, పెట్టెలు లాక్కుంటూ చాలా దూరం నడవాలి. చివితావెక్కియాలో దిగాక ఒక బస్సు, రేవు గేటు దగ్గర ఇంకో బస్సు. పైగా ఇటలీలో రైలు సమ్మెలు తరచూ జరుగుతుంటాయి, ముందే ప్రకటిస్తారు కాబట్టి తేదీలు చూసుకోవాలి. ఇద్దరే పోతే రైలే మేలు. మేం ఐదుగురికి, అత్తకు, ఇంటి గుమ్మం నుంచి ఓడ గుమ్మం వరకు వ్యానే మాట్లాడాం.

ఆదివారం రాత్రి పెట్టెలు మళ్లీ సర్దాం. ఓడ వాళ్లు పంపిన చీటీలు పెట్టెలకు కట్టాం. రేవులో పెట్టెలు తీసుకుంటే గదికి చేర్చేది సాయంత్రానికి గానీ కాదు. అందుకే మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచాం. వేడిచేసే వస్తువులు ఓడలోకి రానివ్వరు, రైస్ కుక్కర్‌ను ఇల్లావిడకు ఇచ్చేశాం. ఎట్లా వండాలో అత్త సైగలతో చూపించింది.

సోమవారం పదకొండున్నరకు బయల్దేరి ఒంటిగంటకు ముందే చివితావెక్కియాలో ఉన్నాం. దాదాపు 1,900 ఏళ్ల కింద ట్రాజన్ చక్రవర్తి కట్టించిన రేవు అది, నీళ్ల ఒడ్డున పాత కోట ఇంకా ఉంది. కౌంటర్‌లో అమ్మాయి అత్త పాస్‌పోర్టు తెరిచి, తెర వైపు చూసి, మళ్లీ పాస్‌పోర్టు చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆ అమ్మాయి నవ్వి కార్డు చేతికిచ్చింది.

గదిలోకి పోగానే అత్త మంచం మీద కూర్చుని కర్ర పక్కన పెట్టింది.

"ఇంకా ఎంతసేపుంది మే, కదలడానికి?"

"నాలుగు గంటలు అత్తా."

"అయితే కాసేపు కాళ్లు చాపుకుంటా" అంది, చెప్పులు విప్పుతూ.