17 మంది, ఒక బస్సు, రాత్రికో ఊరు

స్వింగ్ అంటే జనాన్ని ఆడించే జాజ్. దాన్ని వాయించే బిగ్ బ్యాండు అంటే మామూలుగా 17 కుర్చీలు. ముందు వరసలో అయిదు సాక్సఫోన్లు: రెండు ఆల్టో, రెండు టెనర్, ఒక బారిటోన్. వాళ్ల వెనక నాలుగు ట్రాంబోన్లు, ఆ వెనక నాలుగు ట్రంపెట్లు. పక్కగా పియానో, గిటార్, డబుల్ బాస్, డ్రమ్స్. అయిదుగురు సాక్స్ వాళ్లకూ అయిదు వేరువేరు స్వరాలు రాసి ఉంటాయి కాబట్టి ఒకరు జ్వరంతో హోటల్లో పడుకున్నా ఆ లోటు చెవికి తెలిసిపోతుంది. రాక్ బ్యాండులాగా ఆంప్లిఫయర్ పెంచి దాన్ని కప్పేయడం కుదరదు. ఇక్కడ శబ్దంలో చాలా భాగం ఊపిరి నుంచి, పెదవి నుంచి, చెక్క నుంచి నేరుగా వస్తుంది. వేదిక మీద ఉండేది రెండు గంటలే అయినా, రాత్రికి స్వింగ్ వస్తుందా రాదా అన్నది తెల్లవారినప్పటి నుంచే తేలుతూ ఉంటుంది.

టూర్ షెడ్యూలు రాసేటప్పుడు చాలామంది షో టైముతో మొదలుపెడతారు. డ్రైవర్ నిద్రతో మొదలుపెట్టాలి. అమెరికాలో ప్రయాణికుల బస్సు నడిపేవాళ్లకు ఫెడరల్ నియమం ఉంది. వరసగా 8 గంటలు డ్యూటీ లేకుండా ఉన్నాకే బండెక్కాలి, ఆ తర్వాత 10 గంటలకు మించి నడపకూడదు, డ్యూటీలో 15 గంటలు నిండితే ఇక స్టీరింగ్ ముట్టుకోకూడదు. హాలు దగ్గర సామాను దించడానికి సాయం పట్టమన్నా, బస్సుకు కాపలా ఉండమన్నా ఆ గంటలు డ్యూటీ కిందికే వస్తాయి. అందుకే ఊరు చేరగానే మొదటి గది తాళం డ్రైవర్ చేతికి వెళ్లాలి. హోటల్ నుంచి హాలుకు నడిచి వెళ్లగలిగితే సగం సమస్య తీరినట్టే, షో అయ్యేదాకా అతన్ని లేపక్కర్లేదు. క్యాబ్ కాలోవే బ్యాండులో గొప్ప టెనర్ సాక్స్ వాద్యకారుడు చూ బెరీ 1941 అక్టోబర్‌లో ఒక షో నుంచి ఇంకో షోకి వెళ్తూ ఒహాయోలో కారు ప్రమాదంలో పోయాడు. రోడ్డు మీద బతికే బ్యాండుకు ఇది ఎప్పుడూ గుర్తుండాల్సిన విషయం.

సాధారణంగా నడిచే రోజు ఇలా ఉంటుంది. ఉదయం 8కి బయల్దేరితే 400, 450 కిలోమీటర్లు, మధ్యలో రెండు ఆపులతో మధ్యాహ్నం 2కల్లా ఊరు. 3కి సామాను లోపలికి, 4:30కి సౌండ్ చెక్, 6 లోపు తిండి, 8కి మొదటి పాట, 10:30కి ముగింపు. రెండు ఊళ్ల మధ్య 600 కిలోమీటర్లు దాటిందంటే తెగ్గోసేది సౌండ్ చెక్‌నే. అందుకే అంత దూరం ఉన్న రోజును షో లేని రోజుగా రాసుకోవడం మంచిది. పడకలున్న టూర్ బస్సులు చూడ్డానికి బాగుంటాయి కానీ వాటిలో ఎక్కువగా 12 పడకలే ఉంటాయి. గాయని, సౌండ్ ఇంజనీరు, మేనేజరుతో కలిపి 20 దాటే బ్యాండుకు 50కి పైగా సీట్లున్న మామూలు కోచే సరి. మనిషికి రెండు సీట్లు వస్తాయి, కాళ్లు చాపుకోవచ్చు. బ్యాండుల్లో సీట్లు మొదటి రోజే ఖరారైపోతాయి. ఆ తర్వాత ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చోరు, కొత్తగా వచ్చినవాళ్లు అడిగి కూర్చుంటారు.

1930లలో ఈ లెక్కలకు తోడు ఇంకో భారం ఉండేది. నల్లజాతి బ్యాండులకు దక్షిణాది ఊళ్లలో హోటల్ గది ఇచ్చేవాళ్లు కాదు, భోజనం పెట్టేవాళ్లు కాదు. ఏ ఊళ్లో ఎక్కడ దిగొచ్చో చెప్పే గ్రీన్ బుక్ 1936లో మొదలైంది అందుకే. బ్యాండు లీడర్ డ్యూక్ ఎలింగ్టన్ దక్షిణాది టూర్లకు పుల్‌మన్ రైలు పెట్టెలనే అద్దెకు తీసుకున్నాడు. నిద్ర, తిండి, సామాను అన్నీ అందులోనే, స్టేషన్ పక్కన పట్టాల మీదే బస. మిసిసిపీలోని పైనీ వుడ్స్ స్కూల్లో పుట్టిన ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్ అనే ఆడవాళ్ల బ్యాండు పడకలున్న సొంత బస్సులోనే తిని, అందులోనే పడుకునేది. ఆ బ్యాండులో చేరిన తెల్లజాతి అమ్మాయిలు దక్షిణాదిలో పోలీసుల కంట పడకుండా ముఖానికి నల్లరంగు పూసుకునేవాళ్లు. ఇంత చేసి, సాయంత్రం మళ్లీ ఇస్త్రీ బట్టలతో వేదికెక్కి జనాన్ని ఆడించేవాళ్లు. స్వింగ్ గురించి ఎవరు మాట్లాడినా ఈ మాట వదలకూడదు.

ఇక సామాను. అందులో అసలు కష్టం డబుల్ బాస్. ఇంచుమించు 180 సెంటీమీటర్ల పొడవు, లోపలంతా బోలు, పై పలక పల్చటి స్ప్రూస్ చెక్క. చెక్క ముక్కల్ని అతికేది తోలు నుంచి తీసిన జిగురుతో. ఆ జిగురు కావాలనే బలహీనంగా ఉంటుంది. ఎండకో చలికో చెక్క బిగుసుకుంటే ముందు అతుకు విడిపోవాలి, చెక్క పగలకూడదు. అతుకు విడితే వాయించేటప్పుడు ఒకటి రెండు స్వరాల దగ్గర జుయ్యిమని వినిపిస్తుంది. వేలి మెటికతో అంచు వెంబడి చిన్నగా తట్టుకుంటూ వెళ్తే విడిపోయిన చోట శబ్దం మారుతుంది. వాద్యాలు బాగుచేసేవాళ్లు అదే జిగురుతో, క్లాంపులతో సరిచేస్తారు. తొందరపడి కొట్లో దొరికే సూపర్ గ్లూ పోశారంటే ఆ తర్వాత ఆ అతుకు పలకను చీల్చకుండా ఊడి రాదు.

బస్సు కింద పెట్టేటప్పుడు బాస్‌ను పక్కకు ఒరిగించి పెట్టాలి, వెల్లకిలా కాదు, దాని మీద ఇంకేదీ ఉండకూడదు. ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి వెనక అర పనికిరాదు, ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే బాస్ సుఖంగా ఉంటుంది. చలికాలంలో హీటర్లు వేసిన హాళ్లలో అది 20 శాతానికీ పడిపోతుంది. తడిపి పిండిన స్పాంజి గొట్టాన్ని పక్క రంధ్రంలోంచి లోపలికి వేలాడదీయడం అందుకే. వేసవిలో తేమ ఎక్కువై పలక ఉబ్బితే తీగలు పైకి లేచి వేళ్లు నొప్పెడతాయి. తీగల్ని మోసే చెక్క బ్రిడ్జి కాళ్లకు ఎత్తు తగ్గించే మరచక్రాలు ఉంటే రెండు నిమిషాల్లో సరిపోతుంది. రోజూ శ్రుతి చేస్తూ పోతే బ్రిడ్జి తల మెల్లగా మెడ వైపు వాలుతుంది. తీగలు కాస్త వదులు చేసి దాన్ని రెండు చేతులతో నిటారుగా తేవాలి. బ్రిడ్జి కాళ్లు ఎక్కడుండాలో పెన్సిలుతో ముందే గుర్తు పెట్టుకోవాలి. నాలుగు తీగలూ ఒకేసారి పూర్తిగా విప్పితే మాత్రం లోపల ఒత్తిడి మీదే నిలబడ్డ సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర పడిపోతుంది. అది పడితే శబ్దం చచ్చిపోతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ప్రత్యేకమైన పనిముట్టు, చెయ్యి తిరిగిన మనిషి కావాలి.

విమానం అయితే గట్టి పెట్టెతో కలిపి బాస్ బరువు 32 కిలోలు దాటిపోతుంది. చాలా విమాన సంస్థలు అంతకు మించిన పెట్టెను తీసుకోవు. మెడ ఊడదీసి సర్దుకునే బాస్‌లు ఉన్నాయి, లేదంటే వెళ్లిన ఊళ్లోనే అద్దెకు తీసుకోవడం. అద్దెకు అడిగేటప్పుడు “ఒక డబుల్ బాస్” అని రాసి వదిలేయకూడదు. త్రీ-ఫోర్త్ సైజు కావాలని, బ్రిడ్జి నుంచి మెడ చివరి దాకా తీగ పొడవు 104 నుంచి 106 సెంటీమీటర్లు ఉండాలని, తీగలు స్టీలా పేగుతో చేసినవా అని, ఎత్తు సర్దే చక్రాలు ఉన్నాయా అని అడగాలి. బో (కమాను), పికప్ (తీగల శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కు పంపేది), ఒక జత తీగలు సొంతవి వెంట ఉండాలి.

డ్రమ్స్ విషయంలో గొడవ తక్కువ. సింబల్స్, స్నేర్, పెడల్, కర్రలు సొంతవి, మిగతావి అద్దెవి. రెండు మీటర్ల చదరపు కార్పెట్ మాత్రం మరవకూడదు. నున్నటి చెక్క వేదిక మీద బాస్ డ్రమ్ అంగుళం అంగుళం ముందుకు జారుతుంది, డ్రమ్మర్ తాళం వదిలి దాని వెంట పడాల్సి వస్తుంది.

సాక్స్ వాళ్ల ప్రాణం రీడులో ఉంటుంది. సన్నాయి వాళ్లకు పీక ఎలాగో వీళ్లకు ఇదీ అంతే, తడవాలి కానీ నానిపోకూడదు. 10 రీడుల పెట్టెలో నిజంగా పలికేవి మూడో నాలుగో. వాటిని రోజుకొకటి చొప్పున మార్చి వాడితే టూర్ అంతా వస్తాయి, ఒక్కదాన్నే పట్టుకుంటే వారంలో మెత్తబడుతుంది. డెన్వర్ లాంటి 1,600 మీటర్ల ఎత్తున్న పొడి ఊళ్లలో రీడు బిగుసుకున్నట్టు ఉంటుంది, గట్టిదనంలో అర నంబరు తక్కువది దగ్గరుంచుకోవాలి. సాక్స్‌ను పెట్టెలో పెట్టేముందు మెడ తగిలించే చోట ప్లగ్ పెట్టకపోతే ఆక్టేవ్ మీట వంగి, మర్నాడు కింది స్వరాలు తొణుకుతాయి. ట్రాంబోన్ స్లైడుకు చిన్న సొట్ట పడినా అది ఇక నున్నగా జారదు, కాబట్టి దాన్ని ఎక్కడా గోడకు ఆనించి నిలబెట్టొద్దు. ట్రంపెట్ వాళ్లు ఒక్కొక్కరూ శబ్దం మార్చే మ్యూట్లు నాలుగైదు మోస్తారు. వావా అనిపించే ప్లంజర్ మాత్రం హార్డ్‌వేర్ కొట్లో దొరికే రబ్బరు కప్పే, సింకుకు వాడేది ట్రంపెట్‌కు, టాయిలెట్‌కు వాడే పెద్దది ట్రాంబోన్‌కు సరిపోతుంది.

లీడ్ ట్రంపెట్ అంటే ఆ వరసను నడిపే మొదటి కుర్చీ. ఆ మనిషి పెదవి కూడా కండరమే. రాత్రి రెండు గంటలు పైస్థాయిలో ఊదినవాళ్లు పొద్దున్నే మళ్లీ పైస్వరాలు ప్రయత్నిస్తే వాపు తగ్గదు. పొద్దున పది పదిహేను నిమిషాలు ప్రాక్టీస్ మ్యూటుతో కింది స్వరాలు సాగదీసి ఊదడం చాలు. వరసగా నాలుగు షోలుంటే, అయిదో రోజు ఖాళీ లేకపోయినా లీడ్ పాటల్లో కొన్నిటిని రెండో కుర్చీకి పంచాలి. ఇది అడిగి తీసుకోవాల్సిన దయ కాదు, షెడ్యూలులోనే ఉండాలి.

శ్రుతికి పెద్ద శత్రువు వాతావరణం. ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే గాలి వాద్యం సుమారు 3 సెంట్లు దిగుతుంది, అంటే అరస్వరంలో నూటికి మూడు వంతులు. ఊపిరి వేడి వల్ల అసలు తేడా కొంత తగ్గినా, ఆరుబయట 10 డిగ్రీల సాయంత్రం బ్యాండు పియానో కంటే కిందే ఉంటుంది. అదే చలికి స్టీలు తీగలు బిగిసి పైకి పోతాయి. ఐరోపా హాళ్లలో పియానోను సెకనుకు 440 కంపనాలకు బదులు 442కి శ్రుతి చేసి ఉంచడం మామూలే. ఆ తేడా 8 సెంట్లు. ముందే ఉత్తరం రాసి కనుక్కుంటే సాక్స్ వాళ్లు మౌత్‌పీసు కాస్త లోపలికి తోసుకుంటారు, వేదిక మీద వెతుక్కోనక్కర్లేదు.

వేదిక మీద కూర్చునే తీరును హాలు వాళ్లకు వదిలేయకూడదు. లీడ్ ట్రంపెట్, ఆయన ముందు లీడ్ ట్రాంబోన్, ఆయన ముందు లీడ్ ఆల్టో, ఈ ముగ్గురూ ఒకే గీతలో ఉండాలి. డ్రమ్స్, బాస్, గిటార్ ఒకరి చెయ్యి ఒకరికి అందేంత దగ్గరగా. అందంగా ఉంటుందని తాళం వాళ్లను దూరంగా ఒక మూలకు పంపిస్తే 6 మీటర్లకు శబ్దం చేరడానికే దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది, ట్రంపెట్ల దెబ్బ ఎప్పుడూ వెనకబడి వినిపిస్తుంది. సౌండ్ చెక్‌ను మైకుల్లేకుండా పియానో, గిటార్, బాస్, డ్రమ్స్ ఈ నలుగురితోనే మొదలుపెట్టాలి. ఫ్రెడీ గ్రీన్ 1937 నుంచి 1987లో చనిపోయేదాకా కౌంట్ బేసీ బ్యాండులో ఆంప్లిఫయర్ లేని గిటార్‌తో తాళం ఒక్కో చుట్టుకు నాలుగు కొట్ల చొప్పున వాయిస్తూ వచ్చాడు. ఆ గిటార్ విడిగా వినిపించదు, ఆగిపోతే మాత్రం బ్యాండంతా బరువెక్కుతుంది. దానికి పెద్ద మైకు పెట్టడం కన్నా పక్కన డ్రమ్మర్ చేతిని తేలిక చేయించడమే సరైన మందు.

పాటల కాగితాలుండే ఫోల్డరును బ్యాండులో బుక్ అంటారు. కుర్చీకొకటి, ప్రతి పాటకూ ఒక నంబరు. లీడర్ నంబరు పిలిచిన పది సెకన్లలో 17 మందీ ఆ పేజీ తియ్యాలి. అసలు ప్రతులు ఇంట్లో, నకళ్లు టూర్‌లో. మార్పులు పెన్సిలుతోనే, ఎందుకంటే రేపు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవచ్చు. ట్యాబ్లెట్లు వాడినా ఒక కాగితాల కట్ట వెంట ఉండాలి, ఆరుబయట గాలికి క్లిప్పులు, ఒక్కో స్టాండుకు రెండు. అమెరికాలో స్కూలు జాజ్ బ్యాండులో మన పిల్లలు ఉంటే తల్లిదండ్రులు మొదట కొనిపెట్టాల్సినవి ఈ పెన్సిలూ క్లిప్పులే.

ఏ నంబర్లు పిలవాలన్నది ఊరిని బట్టి. డాన్స్ హాలైతే నిమిషానికి 120 నుంచి 200 కొట్లు, పాట మూడు నాలుగు నిమిషాలు, మరీ వేగంగా ఉన్నది వరసగా రెండు వద్దు, ఆడేవాళ్లకు ఊపిరాడదు. కూర్చుని వినే హాలైతే సోలోలు పెంచుకోవచ్చు. 1935లో బెనీ గుడ్‌మన్ బ్యాండు పడమరకు వెళ్తూ డెన్వర్‌లో ఘోరంగా దెబ్బతింది. ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్‌లోని పలోమార్ డాన్స్ హాల్లో కూడా మెత్తటి పాటలతోనే మొదలుపెట్టి, జనం కదలకపోయేసరికి ఫ్లెచర్ హెండర్సన్ రాసిచ్చినవి తీశారు, హాలు ఊగిపోయింది. న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటాక వచ్చే వాళ్ల రేడియో కార్యక్రమం గడియారాల తేడా వల్ల పశ్చిమ తీరంలో జనం మేలుకుని ఉండే వేళకు వచ్చేది, అక్కడి కుర్రకారు ఆ పాటల కోసమే వచ్చారు. బుక్ అదే, పిలిచిన నంబర్లు వేరు.

దేశం దాటేటప్పుడు ఏటీఏ కార్నెట్ అనే కాగితం కావాలి. ప్రతి వాద్యం సీరియల్ నంబరు, బరువు, విలువ అందులో రాసి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. ఒక ముద్ర తప్పిందంటే తర్వాత సుంకం కట్టమంటారు. పాత బో కొనకు ఏనుగు దంతం ఉన్నా, పాత గిటార్‌లో బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉన్నా దాన్ని ఇంట్లో వదిలి వెళ్లడం మేలు, పర్మిట్ లేకుండా అవి సరిహద్దులో ఆగిపోతాయి. 1963లో ఎలింగ్టన్ బ్యాండు అమెరికా విదేశాంగ శాఖ తరఫున పశ్చిమాసియా, మన దేశం, చుట్టుపక్కల దేశాలు తిరిగింది. నవంబర్ 22న కెనెడీ హత్యతో ఆ టూర్ టర్కీలో ఆగిపోయింది. ఎడారి పొడిగాలి నుంచి మన సముద్రతీరాల తేమలోకి ఒకే బాస్‌ను తేవడం ఎంత పనో పైన చెప్పిన తేమ లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

షో అయ్యాక సామాను ఎక్కించే వరస కూడా రాసి పెట్టుకోవాలి. ముందు బరువైనవి, డ్రమ్ పెట్టెలు, స్టాండ్లు. ఆఖరున బాస్, అన్నిటికంటే పైన. మ్యూట్లు కుర్చీల కింద, ఆయిల్ సీసాలు రైజర్ల (వెనక వరసల కింద వేసే ఎత్తు పలకల) వెనక ఉండిపోతాయి, కాబట్టి ఒకరు టార్చి పట్టుకుని వేదికంతా నడవాలి. 17 బుక్‌లూ నంబరు వరసలో పెట్టెలోకి వెళ్లాయో లేదో లెక్క చూసేది మేనేజరు. ఆ లెక్క సరిపోయాకే డ్రైవర్‌ను లేపాలి.