చీటీ మీద రాసిన టైమ్

నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా కాళ్లకు నీరు దిగింది, ముఖం ఉబ్బింది. ఒళ్లు చేశావు, బిడ్డ బలంగా ఉన్నట్టుంది అన్నారు చూసినవాళ్లందరూ. ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోతే, ఈ నెలల్లో కాళ్లు వాయడం మామూలేనని చెప్పి బలం మాత్రలు రాసిచ్చారు. బీపీ చూడలేదు. చూడమని అడగాలని నాకూ తెలియదు.

మా తల్లిగారి ఊరు చందంపేట వైపు. కాన్పుకని వచ్చిన నాలుగో రోజు పొద్దున లేస్తూనే తలనొప్పి, నుదుటి మీద రోలు పెట్టినట్టుగా. మధ్యాహ్నానికి కళ్ల ముందు మిణుగురులు ఎగిరాయి. రొమ్ముల కింద, పొట్ట పైభాగంలో ఒకటే నొప్పి. గ్యాస్ అనుకుని అమ్మ వాము నీళ్లు కాచి ఇచ్చింది. పక్కింటికి ఏదో పని మీద వచ్చిన ఆశమ్మ, అంటే ఊరి ఆశా కార్యకర్త, నన్ను చూసి ఆగింది. "తల నొస్తుందా బిడ్డా? కండ్లు మసకబారుతున్నయా?" అని అడిగింది. అవునన్నాను. "అక్కా, రేపటి దాక ఆగొద్దు, ఇప్పుడే పోవాలె" అని అమ్మకు చెప్పి, అక్కడే నిలబడి 108కి ఫోన్ చేసింది.

దేవరకొండ ఆసుపత్రిలో బీపీ 170/110 ఉంది. మూత్రం పరీక్షలో ప్రోటీన్ వచ్చింది. ఇది ఫిట్స్‌కు ముందు మెట్టు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పారు. బీపీ తగ్గే మందు ఇచ్చారు. తర్వాత రెండు పిరుదులకూ మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్, చెరో 5 గ్రాములు. ఆ నొప్పి ఇప్పటికీ గుర్తుంది. కాసేపటికి ఒళ్లంతా పొయ్యి పక్కన కూర్చున్నట్టు వేడెక్కింది. డాక్టరమ్మ నల్లగొండ పెద్దాసుపత్రికి ఫోన్ చేసి నా నెలలు, బీపీ, ఇచ్చిన మందులు అన్నీ చెబుతుంటే మంచం మీద నుంచి విన్నాను. తర్వాత చీటీ రాసి మా అమ్మ చేతిలో పెట్టారు. "ఇది పోగొట్టకమ్మా, టైమ్ రాసిన" అన్నారు.

ఆ టైమ్ ఎందుకో నల్లగొండ చేరాక తెలిసింది. అక్కడ స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ఏమైందని మొదటి నుంచి ఎవరూ అడగలేదు. సిస్టర్ చీటీ చదివి, మొదటి డోసు ఎప్పుడు పడిందో చూసి, అక్కడి నుంచి నాలుగు గంటలు లెక్కపెట్టి రెండో డోసు ఇచ్చింది. ఈ మందు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, తక్కువైతే ఫిట్స్ ఆగవు. అందుకని ప్రతి డోసుకు ముందు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి కాలు ఎగురుతుందా లేదా చూసేవారు. ఊపిరి నిమిషానికి 16కు, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదట. మందు ఎక్కువైతే విరుగుడుగా కాల్షియం ఇంజెక్షన్ మంచం పక్కనే పెట్టారు. రాత్రి డ్యూటీ మారింది, కొత్త సిస్టర్ వచ్చింది. ఆమె కూడా అదే కాగితం చూసి అదే వరుసలో అవే పనులు చేసింది. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పన్నెండు గంటలకు ఒకటి చొప్పున నాలుగు ఇచ్చారు. మూడో రోజు బీపీ మళ్లీ పెరగడంతో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, 1,480 గ్రాములు. ఏడ్చిందని చెప్పారు గానీ నాకు వినబడలేదు. వెంటనే నవజాత శిశువుల వార్డుకు తీసుకుపోయారు. రెండు రోజులు ఆమెను మా ఆయన ఫోన్‌లో వీడియోగానే చూశాను. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చని నన్ను మంచం దిగనివ్వలేదు. ఆ రెండు రోజుల గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు.

ఐదో రోజు సిస్టర్ బిడ్డను తెచ్చి నా ఎదకు ఆనించి, చీరతో కట్టింది. కాకి పిల్లంత ఉంది. "మీ ఒళ్లే దానికి వెచ్చదనం, ఎంతసేపు వీలైతే అంతసేపు పెట్టుకోండి" అంది. కొలంబియాలో 1978లో, నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలు చాలక మొదలుపెట్టిన పద్ధతి అని తర్వాత తెలిసింది. పాలు పిండి గిన్నెతో బొట్టు బొట్టుగా పట్టేదాన్ని. రోజూ పొద్దున తూకం. ఇరవై గ్రాములు పెరిగిన రోజు వార్డులో ఉన్న తల్లులందరికీ చెప్పుకున్నాను.

ఇంటికొచ్చాక బీపీ మాత్రలు వేసుకుంటూ చాలా చదివాను. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, కేరళలో 19. అక్కడ 2004 నుంచి గైనకాలజిస్టుల సంఘం ముందుండి, చనిపోయిన ప్రతి తల్లి కేసునూ పేర్లు తీసేసి చదువుతుంది. తప్పు ఎవరిదని కాదు, ఎక్కడ ఆలస్యమైందని చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులే కాదు, ప్రైవేటువి కూడా అందులో ఉంటాయి. అక్కడ నేర్చుకున్నది రాష్ట్రమంతా చేరుతుంది. ఇది చదివినప్పుడు నాకు ఆ క్లినిక్ గుర్తొచ్చింది. నేను బతికాను కాబట్టి నా కేసు ఎవరూ చదవరు. కానీ బతికి బయటపడ్డ వాళ్లవీ చదవాలి. నన్ను ఆశమ్మ చూడడం అదృష్టం, ఆ తర్వాత జరిగింది మాత్రం అదృష్టం కాదు. ఆశమ్మ అడిగిన మాటల నుంచి ఫోన్, చీటీ, రెండో డోసు దాకా ఒకరి పని ఇంకొకరికి అందింది. ఆ వరుస చందంపేటలో ఎలా ఉందో అచ్చంపేటలో, గద్వాలలో అలాగే ఉండాలి. క్లినిక్ గది నుంచే అది మొదలవ్వాలి.

నలభై రెండో రోజు ఆశమ్మ వచ్చి గుడ్డ ఉయ్యాల తక్కెడలో పాపను తూచింది. రెండు కిలోలు దాటింది. నా బీపీ కూడా దిగింది.

ఇప్పుడు మా తమ్ముడి భార్యకు ఏడో నెల. బీపీ పట్టీ చేతికి చుట్టే దాకా కుర్చీలోంచి లేవకు అని చెప్పి పంపాను. మధ్యాహ్నం ఫోన్ చేసింది. "వదినా, వాళ్లు చూడలేదు. నేనే అడిగి చూపించుకున్న. 118, కింద 76."